హిందీ టీచరమ్మ ఇంగ్లిష్ పేపరు

బాలమణి పని హిందీ చెప్పడం. శామీర్‌పేటలో ఒక ప్రైవేటు బడిలో పదమూడేళ్లుగా అదే చేస్తోంది. అత్వెల్లిలో పుట్టి పెరిగిన మనిషి. చిన్నప్పుడు ఊళ్లో హిందీ పరీక్షలు రాయించే మాస్టారు ఒకాయన ఉంటే, మిగతా పిల్లలు రెండో పరీక్షకే మానేసినా ఈమె చివరిదాకా రాసి పండిట్ ట్రైనింగ్ కూడా చేసింది. తన హిందీ మీద ఆమెకు ఎంత ధీమా అంటే, బీహారు నుంచి వచ్చినవాళ్లు మాటల్లో స్త్రీలింగం, పుంలింగం కలిపేసి మాట్లాడుతుంటే అక్కడే ఆపి దిద్దేది. వాళ్లు నవ్వి దిద్దుకునేవాళ్లు. ఇంగ్లిష్ అంటారా, డిగ్రీలో పాసైన ఒక సబ్జెక్టు. అంతకు మించి దానితో ఆమెకు పరిచయం లేదు.

రెండువేల మూడో సంవత్సరం వానాకాలంలో స్టాఫ్‌రూం కిటికీలకు ఇనప గ్రిల్లులు బిగించడానికి రామ్‌వృక్ష్ అనే వెల్డర్ వచ్చాడు. బీహారు వాడు, జవహర్‌నగర్‌లో ఉంటాడు. బాలమణి ఇల్లూ అక్కడే కాబట్టి ముఖపరిచయం ఉంది. పని మధ్యలో టీ తాగుతూ బల్ల మీదున్న ఇంగ్లిష్ పేపరు వైపు చాలాసేపు చూసి హిందీలో అడిగాడు. అతని మాటలూ, తర్వాత వచ్చేవాళ్ల మాటలూ హిందీలోనివే. మనం తెలుగులో చెప్పుకుందాం.

"మేడం, ఇక్కడ పోలీసులు కూడా గ్రిల్ పని చేస్తారా?"

బాలమణి వంగి చూసింది. దొంగతనం కేసులో పోలీసులు ఇద్దరిని గ్రిల్ చేశారని హెడ్డింగు. ఆమెకూ అర్థం కాలేదు. తెలిసినట్టు తలూపి ఊరుకోవచ్చు, కానీ ఆమెకు ఆ అలవాటు లేదు. "నాకూ తెలీదు. ముందు కింద ఏం రాశాడో చూద్దాం" అంది. ఇద్దరూ వార్త మొత్తం చదివారు. రాత్రంతా స్టేషన్లో కూర్చోబెట్టారు, పదే పదే అడిగారు, చివరికి ఒకడు ఒప్పుకున్నాడు.

"అయితే కడీ పూఛ్‌తాఛ్" అన్నాడు రామ్‌వృక్ష్. గుచ్చి గుచ్చి అడగడం.

నిఘంటువు తీస్తే సరిగ్గా అదే ఉంది. అతను గ్రిల్లు వైపు, పేపరు వైపు చూసి పకపకా నవ్వాడు. "ఇంటర్ దాకా చదివాను మేడం. అక్షరాలన్నీ వస్తాయి. ఒక్క వార్త కూడా చివరిదాకా వెళ్లలేను. ఇట్లా ఎవరైనా పక్కన కూర్చుంటే వెళ్తాననిపిస్తుంది."

సాయంత్రం బస్సులో ఇంటికి వెళ్తూ బాలమణి ఆ మాటే తలచుకుంది. జవహర్‌నగర్‌లో అట్లాంటివాళ్లు వీధికి పదిమంది ఉన్నారు. సైన్యంలోంచి రిటైరై ఇళ్లు కట్టుకున్నవాళ్లు, వాళ్ల భార్యలు, ఫ్యాక్టరీల్లో పనికి వచ్చినవాళ్లు. అందరూ హిందీలో అంతో ఇంతో చదువుకున్నవాళ్లే. ఇంగ్లిష్ కాగితం చేతికొస్తే మాత్రం ఎవరి దగ్గరికో పరుగెత్తుతారు. పక్కింటి ఊర్మిళా నేగి అయితే ఉత్తరాదిన గఢ్వాల్‌లో బీఏ చదివింది. అయినా పిల్లల బడి నుంచి నోటీసొస్తే దాన్ని పట్టుకుని, చదివి పెట్టమని గోడ దగ్గర నిలబడేది.

వారం తిరక్కుండానే బాలమణి ఇంటి వరండాలో సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా క్లాసు మొదలైంది. రామ్‌వృక్ష్, ఊర్మిళ, ఆ సందు చివర ఉండే రిటైర్డ్ హవల్దార్ త్రిలోక్ సింగ్, ఇంకో ముగ్గురు. అందరికీ కలిపి ఒకటే పేపరు.

బాలమణి భర్త మధుసూదన్ బస్సు డిపోలో మెకానిక్. మొదటి రోజు ఇంటికొచ్చి చెప్పులు పెట్టడానికి చోటు లేక గుమ్మం బయట నిలబడ్డాడు.

"ఏందే గిది? ఇంగ్లిష్ నువ్వు జెప్తున్నవా?"

"చెప్తలేను. కూసొని సదువుతున్నం. నువ్వు లోపలికి రా, చాయ్ పెట్టి ఉంచిన."

ఆమె పెట్టిన షరతు ఒక్కటే: నిఘంటువు చివర్లో. ముందు ఎవరు ఎవరిని ఏం చేశారో తేల్చాలి. తర్వాత తెలియని మాట ఏమై ఉంటుందో ఊహించాలి. దానికి హిందీలో ఒక మాట కుదరాలి. రెండు కుదిరితే ఏది బాగుందో వాదించుకోవాలి. అప్పుడు పుస్తకం తెరవడం. ఆ మాట పెట్టి ఎవరింటి సంగతి వాళ్లు ఒక వాక్యం రాసుకురావాలి. పేపర్లో వాక్యం దించి తెస్తే ఒప్పుకోదు.

హైకోర్టు ఒక ఉత్తర్వును క్వాష్ చేసిందని, అంటే కొట్టేసిందని చదివిన మర్నాడు ఊర్మిళ రాసుకొచ్చింది: మా అత్తగారు నా పుట్టింటి ప్రయాణాన్ని క్వాష్ చేసింది. వాన నా పనిని స్టాల్ చేసింది, అంటే ఆపేసింది అని రామ్‌వృక్ష్ రాశాడు. అంతకుముందు అతనికి స్టాల్ అంటే పాన్‌డబ్బా మాత్రమే. త్రిలోక్ సింగ్ అయితే లేచి నిలబడి, చేతులు ప్యాంటు కుట్లకు ఆనించి, మంగళవారం నుంచి నా కోడి అబ్‌స్కాండింగ్ అని అప్పజెప్పాడు.

"హవల్దార్ సాబ్, నేరం చేసి పారిపోయినవాడిని అంటారు ఆ మాట. మీ కోడి ఏం నేరం చేసింది?" అంది బాలమణి.

"మా ఇంట్లో గింజలు తిని పక్కింట్లో గుడ్లు పెడుతోంది మేడం."

"అయితే సరే. అబ్‌స్కాండింగే."

ఇట్లా చలికాలం వచ్చేసరికి ఒక్కొక్కరి నోటుబుక్కులో మూడు నాలుగు వందల మాటలు చేరాయి. బాలమణి పుస్తకంలో అంతకంటే ఎక్కువ. రోజూ మధ్యాహ్నం బళ్లో పేపరు చూసుకుని, ఆ సాయంత్రానికి సరిపడా కష్టమైన వార్త ఏరుకునేది. తను వాళ్లకంటే ఒక్క పూట ముందుంది, అంతే. ఆ సంగతి వాళ్లకూ చెప్పింది.

బడిలో ఇంగ్లిష్ సారు ఎడ్వర్డ్. శామీర్‌పేట చర్చిలో ఆదివారాలు ఇంగ్లిష్ ప్రార్థన ఆయనే చదువుతాడు, పలుకు గంట కొట్టినట్టుంటుంది. ఆయనకు ఈ క్లాసు సంగతి తెలిసి ఒకరోజు స్టాఫ్‌రూంలో కదిపాడు.

"బాలమణి మేడం, మీరు ఇంగ్లిష్ జెప్తున్నరంట. గ్రామర్ లేకుంట పేపర్ సదివితె ఏమొస్తది?"

"టెన్సులు వాళ్లకు బళ్లెనే ఎక్కిచ్చిండ్రు సార్. మాటలు దొర్కుత లేవు, గదే పరేషాన్. మీరొకసారి వచ్చి సూడుండ్రి."

ఆయన నిజంగానే వచ్చాడు, ఒక శనివారం. ఆ రోజు వార్త నగరంలో పాత ఇల్లు కూలడం. శిథిలాల కింద నుంచి ఇద్దరిని బయటికి తీశారు. బాలమణి ఆ ఇంగ్లిష్ మాటను అక్షరాలు ఎట్లా ఉంటే అట్లా, డెబ్రిస్ అని చదివింది. నాలుగోసారికి ఎడ్వర్డ్ ఆగలేకపోయాడు.

"డెబ్రీ. చివర ఎస్ పలుకొద్దు మేడం."

ఊర్మిళ తలవంచుకుంది. తమ టీచర్‌ను తమ ముందే దిద్దడం వాళ్లకు చిన్నతనంగా అనిపించింది. బాలమణికీ సిగ్గేసింది. అయితే అది ఒక్క క్షణమే. పదమూడేళ్లుగా ఎంతమందిని తను ఇట్లా దిద్దింది! దిద్దించుకుంటే ఏం పోయింది? కలం తీసుకుని పుస్తకంలో ఆ మాట పక్కన తెలుగులో డెబ్రీ అని రాసుకుంది.

"థ్యాంక్స్ సార్. గిట్ల ఇంకెన్ని తప్పు పలుకుతున్నమో మాకు తెల్వది. ప్రతి శనివారం వచ్చి వారంరోజుల మాటలు మాతోని సదివిపిస్తరా?"

ఎడ్వర్డ్ ఇది ఊహించలేదు. వాదనకు సిద్ధపడి వచ్చిన మనిషి. కాసేపు కళ్లద్దాలు తుడుచుకుని, "సాయంత్రం ఐదున్నరకైతె వస్త" అన్నాడు. ఆ తర్వాత ఒక్క శనివారం కూడా మానలేదు.

ఎండాకాలం వచ్చింది. జవహర్‌నగర్‌లో ఎండాకాలమంటే గాలి మీద ఆధారపడి బతకడం. నగరం చెత్తంతా పోసే గుట్ట వైపు నుంచి గాలి తిరిగితే అన్నం ముందు కూర్చున్నవాళ్లు లేచిపోవాల్సిందే. ఆ ఏడు దానికి తోడు చెత్త లారీలు పైన ఏమీ కప్పకుండా కాలనీ మూలమలుపు దగ్గర తిరుగుతూ సగం సరుకు రోడ్డు మీదే వదిలేసి పోతున్నాయి. బస్సు కోసం నిలబడే చోటే అది. కాంట్రాక్టరు మనుషులకు చెప్పారు, నవ్వి ఊరుకున్నారు. హిందీలో ఒకటి, తెలుగులో ఒకటి అర్జీలు పెట్టారు. ఎక్కడికి పోయాయో తెలీదు.

ఒకరోజు పాఠకుల ఉత్తరాలు చదువుతున్నారు. ఎవరో తమ వీధిలో దీపం వెలగడం లేదని రాశాడు. ఊర్మిళ పేపరు మడిచి ఒళ్లో పెట్టుకుంది.

"ఒక్క దీపానికి ఇంత ఉత్తరం వేశారు. మన రోడ్డు సంగతి మనం ఎందుకు రాయకూడదు?"

ఎవరూ కాదనలేదు. ఆ రోజూ మర్నాడూ అదే పని. నోటుబుక్కులన్నీ తెరిచి, ఎనిమిది నెలలుగా కూడబెట్టిన పెద్ద మాటలన్నీ అందులో దింపారు. లారీలు నెఫేరియస్ అంటే దుర్మార్గం, డ్రైవర్లు కాలస్ అంటే రాతిగుండెలు, చెత్త క్లాండెస్టైన్ అంటే రహస్యం. కాలనీ మొత్తం మీద విరుచుకుపడ్డ హావక్, అంటే బీభత్సం గురించి ఒక పేరా. బాలమణికీ ఉత్సాహం పుట్టి రెండు మాటలు తనూ చేర్చింది. రామ్‌వృక్ష్ స్వయంగా పోస్టు చేసి వచ్చాడు.

పన్నెండు రోజులు చూశారు. పేపర్లో పడలేదు.

"మనలాంటివాళ్లవి వేస్తారా?" అన్నాడు రామ్‌వృక్ష్. మిగతావాళ్ల మొహాల్లోనూ అదే ఉంది.

బాలమణికి ఆ మాట నచ్చలేదు. ఆ ఆదివారం పాత పేపర్లు దొంతర దింపి, అచ్చయిన ఉత్తరాలు యాభై దాకా వరసగా చదివింది. తర్వాత తమ ఉత్తరం కాపీ చదివింది. తప్పు ఎక్కడుందో ఆమెకు అప్పుడు తెలిసింది. సోమవారం సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి అంది:

"ఎనిమిది నెలలుగా వార్తలు చదువుతున్నాం. మనం రాసిన దాంట్లో వార్తే లేదు. ఎక్కడ, ఎప్పుడు, ఎన్ని లారీలు? ఒక్కటీ చెప్పలేదు. ఊరికే తిట్టాం. నేను కూడా తిట్టాను."

త్రిలోక్ సింగ్‌కు ఈ మాట సైన్యంలో ఆర్డరులా వినిపించింది. మర్నాడు పొద్దున ఆరింటికి మలుపు దగ్గర మడత కుర్చీ వేసుకుని, మూతికి తువ్వాలు కట్టుకుని కూర్చున్నాడు. మూడు రోజులు, రోజుకు మూడు గంటలు. లారీ నంబరు, వచ్చిన టైము, పైన టార్పాలిన్ ఉందా లేదా. మూడోనాటికి తేలింది: మొత్తం తొంభై నాలుగు లారీలు, కప్పుకుని వచ్చినవి పదకొండు.

ఈసారి ఉత్తరం ఆరే వాక్యాలు. అయినా రెండు సాయంత్రాలు పట్టింది. మొదటి గొడవ వాసన దగ్గర. స్మెల్ అని రాస్తే రామ్‌వృక్ష్ ఒప్పుకోలేదు.

"స్మెల్ మల్లెపూలకూ ఉంటుంది."

"ఓడర్?" అన్నాడు త్రిలోక్ సింగ్.

"అది డాక్టరు చీటీలో రాసే మాటలా ఉంది" అంది బాలమణి. "ఇంగ్లిష్ వదిలెయ్యండి. మన రోడ్డు మీద ఉన్నదాన్ని హిందీలో ఏమంటాం? గంధ్ కాదు, అది ఏ వాసనకైనా అంటాం. బద్‌బూ అంటే చెమటకూ సరిపోతుంది."

రామ్‌వృక్ష్ కళ్లు మూసుకుని ఆలోచించాడు. "మా ఊళ్లో చెరకు మిల్లు వెనక ఒక గుంట ఉండేది. పిప్పి అందులో పడి మురిగేది. దాన్ని సడాంధ్ అనేవాళ్లం. ఇది సడాంధ్ మేడం."

కుళ్లి పుట్టిన కంపు. ఆ అర్థానికి ఇంగ్లిష్‌లో ఏముందని వెతికితే స్టెంచ్ దొరికింది. అందరికీ ఒకేసారి తృప్తి కలిగింది. ముల్లు సరిగ్గా గుచ్చుకున్నచోటే వేలు పెట్టినట్టు.

రెండో గొడవ ఊర్మిళతో. టార్పాలిన్ కప్పాలన్న నియమం ఉన్నా లారీలు విత్ ఇంప్యూనిటీ తిరుగుతున్నాయని ఆమె రాసింది. బాలమణి ఆ రెండు మాటలూ కొట్టేసింది.

"మళ్లీ పెద్ద మాటలు వద్దు."

"ఇది పెద్దదని పెట్టలేదు మేడం" అంది ఊర్మిళ. గొంతు తగ్గించలేదు. "తప్పు చేస్తున్నారు, పట్టుకునేవాడు లేడని వాళ్లకు తెలుసు, అందుకే భయం లేకుండా చేస్తున్నారు. ఇంత చెప్పాలంటే నాకు ఒక వాక్యం పడుతుంది. ఇంగ్లిష్‌లో రెండు మాటల్లో అయిపోతోంది. తీసేస్తే ఆ సంగతే పోతుంది. మీరే చెప్పండి, దీనికి బదులు ఏం పెట్టమంటారు?"

బాలమణి వాక్యాన్ని మళ్లీ చదివింది. ఆ మాటలు తీసి చదివింది, పెట్టి చదివింది. ఊర్మిళ చెప్పింది నిజం. తనకంటే చెవి బాగా పనిచేసింది. కొట్టివేత మీద ఇంకో గీత గీసి, పక్కన ఆ మాటలు తిరిగి రాసింది. "ఉండనీ. కింద సంతకం కూడా నువ్వే చెయ్యి" అంది.

ఐదో రోజు పొద్దున ఎడ్వర్డ్ బడికి రాగానే పేపరు నేరుగా బాలమణి చేతికిచ్చాడు. ఎప్పుడూ తను పూర్తిగా చదవందే ఎవరికీ ఇవ్వని మనిషి.

"మూడో ఉత్తరం సూడుండ్రి. రెండు వాక్యాలు తీసేసిండ్రు. ఇంప్యూనిటీ మాత్రం ముట్టుకోలే."

కింద పేరు ఊర్మిళా నేగి, ఇతరులు, జవహర్‌నగర్ అని ఉంది. బాలమణి ఆ రోజు తొమ్మిదో తరగతికి కబీరు దోహాలు చెప్పాల్సి ఉంది. చెప్పింది కూడా, కానీ ఏం చెప్పిందో ఆమెకు గుర్తు లేదు.

రెండు రోజుల తర్వాత సాయంత్రం క్లాసు నడుస్తుండగా ఇంటి ముందు జీపు ఆగింది. దిగినాయన చెత్త రవాణా చూసే అధికారి, కాలనీలో వాకబు చేసి వచ్చాడు. చేతిలో పేపరు కత్తిరింపు ఉంది. ఇంగ్లిష్‌లో, ఊర్మిళా నేగి ఎవరని అడిగాడు. ఆయన చూపు బాలమణి మీద ఆగింది. బాలమణి చేత్తో చూపించింది. చాప మీద కూర్చున్న ఊర్మిళ లేచి నిలబడింది. కొంగు సర్దుకుంది. బాలమణి తనే మాట్లాడదామని ఒక అడుగు వేసి, ఆగిపోయింది.

"మీ ఫిర్యాదు ఎగ్జాజరేటెడ్" అన్నాడు అధికారి ఇంగ్లిష్‌లోనే.

ఉన్నదానికంటే పెంచి చెప్పారని అర్థం; ఊర్మిళకు తెలుసు. ఆ మాట వాళ్లు దీపావళి రోజుల్లో చదివారు, బాణసంచా ప్రమాదం వార్తలో. ఇంగ్లిష్‌లోనే నెమ్మదిగా, ఒక్కో మాట తూచినట్టు అడిగింది.

"ఇందులో ఏ వాక్యం ఎగ్జాజరేటెడ్ సార్? చూపించండి, దిద్దుకుంటాం."

ఆయన కత్తిరింపు పైకెత్తి చదివాడు. నాలుగే వాక్యాలు. చదివి మళ్లీ మొదటికొచ్చాడు. ఈలోగా త్రిలోక్ సింగ్ తన నోటుబుక్కు తెచ్చి, తొంభై నాలుగు నంబర్లున్న పేజీలు ఆయన ముందు పెట్టాడు. అధికారి ఒక్కో పేజీ తిప్పి చూశాడు. గొంతు మారింది.

"మీరేం చేస్తుంటారమ్మా?" అని ఈసారి హిందీలో అడిగాడు.

"పేపరు చదువుతుంటాను సార్" అంది ఊర్మిళ. ఆమె హాస్యానికి అనలేదు. ఉన్న సంగతే చెప్పింది.

ఆయన నంబర్లు రాసుకుని వెళ్లాడు. పది రోజుల్లో లారీల మీద టార్పాలిన్లు కనబడ్డాయి. అన్నిటి మీదా కాదు. కొందరు మలుపు దాటగానే మడిచేసేవాళ్లు. కానీ బస్సు కోసం నిలబడేచోట నేల నేలలా ఉండడం మొదలైంది. గుట్ట గుట్టలాగే ఉంది. గాలి తిరిగిన రోజున కిటికీలు మూసుకోక తప్పలేదు. దాని గురించి ఊర్మిళ సొంతంగా ఇంకో ఉత్తరం రాసింది. పేపరువాళ్లు వెయ్యలేదు. మళ్లీ రాసింది.

బళ్లో ప్రిన్సిపాల్ పిలిచి, తొమ్మిదో తరగతికి వారానికి రెండు పీరియడ్లు పేపరు చదివించమన్నాడు. వాటి కోసం హిందీ పీరియడ్లు తగ్గిస్తానన్నాడు.

"పేపర్ సదివిపిస్త సార్. హిందీ తగ్గిస్తె మాత్రం సదివిపియ్య. గీ పిల్లలల్ల సగం మంది ఇంట్ల హిందీల మాట్లాడేటోళ్లు. గా హిందీ మీదనే ఇంగ్లిష్ నిలబెట్టాలె" అంది బాలమణి. ప్రిన్సిపాల్ డ్రాయింగ్ పీరియడ్లు తీసి ఇచ్చాడు. డ్రాయింగ్ మాస్టారు ఆమెతో నెలరోజులు మాట్లాడలేదు.

ఆ జూన్ నాటికి వరండాలో పద్దెనిమిది మంది అయ్యారు. ఒక గురువారం బాలమణి అత్వెల్లిలో అమ్మను చూసి, మేడ్చల్‌లో బస్సు దొరక్క ఆలస్యంగా వచ్చింది. ఆరున్నర దాటింది. అందరూ వెళ్లిపోయి ఉంటారనుకుంటూ గేటు దగ్గరికి వచ్చేసరికి ఊర్మిళ గొంతు వినిపించింది. క్లాసు నడుస్తోంది.

ఊర్మిళ వార్తను ముందు హిందీలో కథలా నోటితో చెప్పేస్తోంది. తర్వాత పేపరు తెరిపించి, తను చెప్పిన మాట ఇంగ్లిష్‌లో ఎక్కడ దాక్కుందో వెతకమంటోంది. కొత్తగా చేరినవాళ్లు పేపరు మీద వేళ్లు పరిగెత్తిస్తూ, దొరికినప్పుడల్లా పైకి అరుస్తున్నారు. ఆ పద్ధతి బాలమణిది కాదు. ఆమె ఎప్పుడూ అట్లా ఆలోచించలేదు.

గేటు దగ్గరే నిలబడి ఐదు నిమిషాలు విన్నది. ఇది బాగుంది, రేపు తొమ్మిదో తరగతిలో ఇట్లాగే చెయ్యాలి అనుకుంది. అప్పుడు చెప్పులు విడిచి, వెనక వరసలో రామ్‌వృక్ష్ పక్కన చాప మీద కూర్చుంది. ఊర్మిళ చూసి ఆగబోయింది.

"నువ్వు చెప్పు" అని చేయి ఊపి, బాలమణి పక్కవాళ్ల పేపరును తన వైపు కొంచెం లాక్కుంది.